ప్రశ్నార్థకం తర్వాతి పేరు

"ఈ వెబ్‌సైట్ చేసింది నువ్వే గదా?"

రాజమణి తన ఫోన్‌ను బల్ల మీద పెట్టి ముందుకు జరిపింది. వర్ష దాని వైపు చూసి చప్పున చూపు తిప్పుకుంది.

"చేసిన మేడం. సిరిసిల్ల చంద్రమౌళి సార్ చీరల దుకాణంది. చేసిచ్చి ఏడాదైంది. ఇప్పుడు నాకు దానితోని ఏం సంబంధం లేదు."

"సంబంధం సంగతి నేనింకా అడుగనే లేదు బిడ్డా."

జగిత్యాల టవర్ సర్కిల్ వెనకాల, మందుల దుకాణం మీది గదిలో వర్ష ఒక్కతే ఆఫీసు నడుపుతోంది. దుకాణాలకూ బడులకూ వెబ్‌సైట్లు చేసిపెట్టడం ఆమె పని. రాజమణి ఒకప్పుడు పోలీసు శాఖలో సైబర్ నేరాలు చూసేది. ఆ ఉద్యోగం వదిలేసి, కూతురిని కరీంనగర్ హాస్టల్‌లో పెట్టి చదివిస్తూ, ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తోంది. మాట మెత్తన. కానీ ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోవాలనుకున్నా లేవలేరు.

"ఇందుల ఏం కనపడుతున్నది?"

"చీరలు."

"ఇప్పుడు?"

రాజమణి మరో లింకు నొక్కింది. అదే వెబ్‌సైట్. చీరలు మాత్రం లేవు. నల్లటి పేజీ మధ్యలో ఒక వీడియో. గడ్డం పెరిగిన యువకుడు గోడకు ఆనుకుని కూర్చుని, కెమెరా వైపు చూడకుండా మాట్లాడాడు.

"నన్ను బయటికి పోనిస్తలేరు జ్యోతీ. నువ్వు కోర్టుల ఏం చెప్పకు. నువ్వు నోరిప్పితె నేను బతుకుడు కష్టం."

వీడియో కింద తెల్లటి అక్షరాలు ఉన్నాయి. 'రంజిత్ దుబాయిలో మా దగ్గర ఉన్నాడు. రేపు కోర్టులో నీకేమీ తెలియదని చెప్పు. ఈ సంగతి ఎవరికి చెప్పినా అతన్ని మళ్లీ చూడవు.'

వర్ష ఫోన్‌ను వెనక్కి తోసింది. "గిది నేను పెట్టలే మేడం. మా అమ్మ మీద ఒట్టు."

"మరి ఎవలు పెట్టిర్రు? రచన ఎవరో ఎరికేనా నీకు?"

వర్ష తల అడ్డంగా ఊపింది. రాజమణి చెప్పింది.

కోరుట్ల శివారులో చంద్రమౌళికి బట్టలు కుట్టించే షెడ్డు ఉండేది. పోయిన ఎండాకాలం అందులో నిప్పంటుకుంది. రచన అనే కుట్టుపని అమ్మాయి బయటికి రాలేక చనిపోయింది. గేటు దానంతట అదే బిగుసుకుపోయిందని చంద్రమౌళి అన్నాడు. పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా ఆయనే బయటినుంచి తాళం వేసి వెళ్లాడని, తాను కళ్లారా చూశానని చెప్పింది ఒక్క జ్యోతి. రేపు పొద్దున జగిత్యాల కోర్టులో ఆమె సాక్ష్యం. ఆమె భర్త రంజిత్ అదే షెడ్డులో బండి నడిపేవాడు. పని పోయాక దుబాయి వీసా వచ్చిందని బయలుదేరాడు. ఆ తర్వాత అతని దగ్గరినుంచి ఒక్క ఫోన్ లేదు. రోజూ పొద్దున ఈ లింకు మాత్రం జ్యోతి ఫోన్‌కు వస్తోంది.

నిన్న జ్యోతి రాజమణి ఎదురుగా కూర్చుని ఏడవలేదు. "నోరు తెరిస్తె మా ఆయన పోతడట అక్కా. తెరువకుంటె రచన నన్ను నిద్ర పోనియ్యది. ఎటు జరిగినా గోడనే తాకుతున్నది" అని మాత్రం అంది.

వర్ష రాజమణి ఫోన్‌ను తనే దగ్గరికి లాక్కుంది.

"చంద్రమౌళి సార్ నాకు వేరే చెప్పిండు మేడం. ఒక్కొక్క కస్టమర్‌కు వాళ్ల పేరు మీద ఒక్కొక్క ఆఫర్ చూపియ్యాలె అన్నడు. గందుకే గిట్ల రాసిన. ఇగో, అడ్రస్ చివర చూడుర్రి."

వెబ్‌సైట్ పేరు అయిపోయిన చోట ఒక ప్రశ్నార్థకం. దాని తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ?peru=jyothi అని ఉంది.

"పేజీ తెరువంగనే వెనక నడిచే పీహెచ్‌పీ ప్రోగ్రాం గా పేరు చూస్తది. జ్యోతి అని ఉంటె జ్యోతికి పెట్టింది చూపిస్తది. ఏ పేరూ లేకుంటె చీరలు చూపిస్తది. పెండ్లి దావత్‌ల ఎట్ల? పేరు చెప్పినోళ్లను లోపలికి తీస్కపోయి కూసోవెడుతరు, చెప్పనోళ్లు బయట పందిట్లనే తింటరు. గట్లనే. ఇల్లు ఒక్కటే."

"పేర్లు ఎవలు వేస్తరు?"

"సారే. పేరు, ఫోటో లేకుంటె వీడియో, రాత... మూడు డబ్బాలు పెట్టిచ్చిన. ఎవలైన వేసుకోవచ్చు."

"అంటె ఎంతమందికి ఎన్ని కథలు చెప్పిండో నీకు తెల్వదు."

"తెల్వదు మేడం."

మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడయింది. తలుపు తోసుకుని హన్మండ్లు లోపలికి వచ్చాడు. కరీంనగర్‌లో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. కొడుకు జాడ తెలియక కథలాపూర్‌లో తిండి మానేసిన రంజిత్ తండ్రి లచ్చయ్య అతన్ని పెట్టుకున్నాడు. కోడలే కొడుకును ఏదో చేసిందని ముసలాయన అనుమానం. హన్మండ్లు నమ్మకం కూడా అదే.

"వెబ్‌సైట్లు చేసే పిల్ల ఆఫీసుల కూసున్నవా మేడం? మంచిగ దొరికినవ్."

"రా అన్నా. నువ్వు గూడ చూడాలె గిది."

"చూశిన. జ్యోతి ఫోన్ల అడ్రస్ చెప్పింది, కొట్టి చూశిన. పట్టుచీరలు, కాటన్ చీరలు. రంజిత్ లేడు, దుబాయి లేదు. అబద్ధం ఆడుతానికి గూడ ఒక తెలివి ఉండాలె."

"ఆమె నీకు వెబ్‌సైట్ పేరొక్కటే చెప్పింది. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నది చెప్పలే. అది లేకుంటె ఎవలకైన చీరలే అస్తయి. ఇగో."

రాజమణి వీడియో పెట్టింది. హన్మండ్లు చేతులు కట్టుకుని చివరిదాకా చూశాడు. తర్వాత నవ్వాడు.

"గిట్లనే చూపిస్తవని నాకు ముందుగాల్నే ఎరుక."

"ఎట్ల ఎరుక?"

"నా ఆధారాలు నాకున్నయి. నాకు తప్ప ఇంకెవ్వలకు అందయి. నీకెందుకు చూపిస్త?"

"చూపియ్యన్నా. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూద్దాం, ఒక్క నిమిషం."

"నాకు పని నేర్పకు. గక్కడ ముసలాయన కొడుకు కోసం మంచం పట్టిండు. కోడలేమో నీ ఎంబడి తిరుగుతున్నది. రంజిత్‌ను మీరిద్దరే దాసిపెట్టిర్రు." అతను వర్ష వైపు తిరిగాడు. "నువ్వు గూడ ఇను పిల్లా. దొంగ పేజీలు చేసుడు నేరం. లోపలికి పోతవ్."

తలుపు విసురుగా వేసి దిగిపోయాడు. రాజమణి ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. ముందుగాల్నే ఎరుక. ఆమె ఇక్కడికి వస్తుందనీ, ఈ పేజీ చూపిస్తుందనీ అతనికి ముందే ఎవరో చెప్పారు. ఎవరు? ఎట్లా?

ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఆమె వీడియోను మళ్లీ నడిపింది. ఈసారి మాటలు వినలేదు. మాటల వెనకాల విన్నది. టకటక, టకటక, ఒకే వరుసలో ఆగకుండా ఒక చప్పుడు. మధ్యలో దీపం ఒకసారి మిణుకుమంది. ఆ క్షణమే చప్పుడు మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది.

"కరెంటు పోయింది. బట్ట నేసే సాంచలు ఆగినయి" అంది రాజమణి. "దుబాయిల సాంచలు ఆడయి బిడ్డా. సిరిసిల్లల ఆడుతయి."

"సిరిసిల్లల ఏ గల్లికి పోయినా సాంచలే గద మేడం. ఏ షెడ్డని ఎతుకుతరు?"

రాజమణి రంజిత్ వెనకనున్న గోడను పెద్దగా చేసి చూసింది. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు. అతని భుజం పక్కన, సున్నం రాలిన చోట సిమెంటు పూసిన మచ్చ. ఆవు తలకాయలా ఉంది. ఆ పేజీ మూసి చీరల పేజీకి వెళ్లింది. ఒక్కొక్క చీరనే పైకి తోస్తూ పోయింది. నెమలికంఠం రంగు చీర దగ్గర ఆమె వేలు ఆగింది. చీర కొంగు పక్కన అదే ఆకుపచ్చ గోడ. అదే ఆవు తలకాయ.

"ఈ చీరల ఫోటోలు ఎక్కడ తీసినవ్?"

"తంగళ్లపల్లి రోడ్డుకు సార్ పాత సాంచల షెడ్డున్నది. అది నడుస్తలేదు. పక్కది నడుస్తది. వెనక అర్రల తీసిన."

*

వేములవాడ దాటుతూ రాజమణి జ్యోతికి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. పొద్దున మాట్లాడినప్పుడు, ఇల్లు కదలవద్దు, ఫోన్ ఆపవద్దు అని చెప్పి మరీ వచ్చింది. కారు ఆపకుండా వేగం పెంచింది.

షెడ్డు ముందటి షట్టరు తుప్పు పట్టి ఉంది. ఆమె చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. ఒకే తలుపు. ఒకే కిటికీ, దానికి లోపలినుంచి అట్టముక్కలు బిగించి ఉన్నాయి. రాజమణి తలుపును తాకకుండా ముందు చూసింది. బయటి గొళ్లెం తుప్పుతో గోడకు అతుక్కుపోయింది, దాని మీద సాలెగూడు. ఎన్నాళ్లనుంచో దాన్ని ఎవరూ కదిలించలేదు. గడప పక్కన మాత్రం అన్నం పార్సిల్ కవర్లు, అప్పుడే పారబోసిన నీళ్లు.

లోపల మనిషి ఉన్నాడు. బయట తాళం లేదు.

ఆమె తలుపు తట్టింది. లోపల ఏదో కదిలి ఆగిపోయింది.

"రంజిత్? నా పేరు రాజమణి. జ్యోతి పంపింది."

జవాబుగా ఏదో బరువైన పెట్టెను ఈడ్చి తలుపుకు అడ్డం పెట్టిన చప్పుడు.

"జ్యోతి పంపిందంటె ఇంక అసలే తియ్య. పోలీసులను తెచ్చినవా?"

"ఎవ్వలూ లేరు. నేనొక్కదాన్నే. ఎందుకు తియ్యవు?"

"గేటుకు తాళం నేనే ఏసిన్నని చెప్పింది గద. రేపు కోర్టుల గూడ గదే చెప్తదట. రాసిచ్చిన కాయితం నేను సూశిన. కింద గామె సంతకం గూడ ఉన్నది."

"ఎక్కడ చూసినవ్ కాయితం?"

"ఫోన్ల. గిక్కడ వైఫై పెట్టిచ్చిండు సార్, రోజూ పంపుతడు."

రాజమణి కళ్లు మూసుకుంది. ఒక్కసారిగా అంతా అర్థమయింది. "చంద్రమౌళి నిన్ను పట్టి ఉంచలేదు. దాసిపెట్టిండు. అంతేనా?"

"సార్ లేకుంటె గీపాటికి జైల్ల ఉందును. ఏర్‌పోర్టుల నా పేరు పెట్టిర్రని తొవ్వల ఫోనచ్చింది. బండి మలిపిండు, గిక్కడ దించిండు, సిమ్ము తీసేసిండు. కేసు సల్లవడెదాక తల బయట పెట్టకు అన్నడు. నేనేం చేసిన మేడం జ్యోతికి? నా మీద ఎందుకు చెప్పింది?"

పక్క షెడ్డులో సాంచలు ఆగకుండా ఆడుతున్నాయి. రాజమణి తలుపుకు దగ్గరగా జరిగి, అతనికి వినబడేలా గట్టిగా మాట్లాడింది.

"తలుపు తియ్యమని నేను అడుగుతలేను. నువ్వు లోపలనే ఉండు. నీ ఫోన్ల గా పేజీ తెరువు. పైన అడ్రస్ ఉంటది, చూడు. చివరికి ఏమున్నది?"

కాసేపటికి అతను కూడబలుక్కుంటూ చదివాడు. "ప్రశ్నార్థకం... పేరు... ఈక్వల్ టు... రంజిత్."

"రంజిత్ అన్నది తీసెయ్. గక్కడ జ్యోతి అని కొట్టు. ఇంకేం ముట్టకు."

తలుపు అవతలినుంచి రంజిత్ గొంతే ఇంకోసారి వినబడింది. అది ఫోన్‌లోంచి వస్తోంది.

'నన్ను బయటికి పోనిస్తలేరు జ్యోతీ. నువ్వు కోర్టుల ఏం చెప్పకు...'

ఆగింది. మళ్లీ మొదటినుంచి మొదలయింది. మళ్లీ ఆగింది. అతను కింది అక్షరాలు పైకే చదివాడు. "రంజిత్... దుబాయిలో... మా దగ్గర ఉన్నాడు..."

"గట్ల కాదు మేడం" అన్నాడు. "పోలీసులు పోనిస్తలేరని చెప్పమన్నడు సార్. నా పేరు తియ్యమని గామెను బతిమాలుకోమన్నడు. గట్లనే అన్న. గిదేంది గిట్ల రాసిండు?"

"నువ్వు అన్నది నిజమే. గామెకు చూపిన కథ వేరు."

"గామె గిది సూసిందా?"

"రోజూ పొద్దుగాల చూస్తున్నది. నిన్ను సంపుతరని కోర్టుకు పోవాల్నా వద్దా అని ఏగుతున్నది. నీ మీద ఒక్క మాట ఎక్కడా చెప్పలేదు రంజిత్. తాళం వేసింది చంద్రమౌళి అనే చెప్పింది, ముందునుంచి."

పెట్టె ఈడ్చిన చప్పుడు. లోపలి గడియ జారింది. తలుపు తెరుచుకుంది.

రంజిత్ వెలుతురుకు కళ్లు మూసుకుని గడపలో నిలబడ్డాడు. కళ్లు తెరిచాక మొదట రాజమణిని చూడలేదు, తలుపు బయటి వైపు చూశాడు. తుప్పు పట్టిన గొళ్లేన్ని చేత్తో కదిపి చూశాడు. అది కదలలేదు.

"బయట పెట్టనే లేదు గద" అన్నాడు నెమ్మదిగా. "నన్ను ఎవ్వలు పెట్టిర్రు మరి లోపల?"

రాజమణి అతని భుజం మీద చెయ్యి వేసింది. లోపలికి వెళ్లి గోడ, ఆవు తలకాయ మచ్చ, కెమెరా పెట్టే మూడుకాళ్ల స్టాండు, అట్టలు బిగించిన కిటికీ, అన్నింటికీ ఫోటోలు తీసింది. తీస్తుండగా హన్మండ్లు మాట మళ్లీ గుర్తొచ్చింది.

ముందుగాల్నే ఎరుక. నాకు తప్ప ఇంకెవ్వలకు అందయి.

ఆమె తన ఫోన్‌లో అదే అడ్రసు తెరిచి, చివరన హనుమాండ్లు అని ఇంగ్లీషులో కొట్టింది. చీరలు వచ్చాయి. మధ్యలో అక్షరాలు తగ్గించి, అతను తన బోర్డు మీద రాసుకున్నట్టే హన్మండ్లు అని కొట్టింది.

చీరలు మాయమయ్యాయి. పైన ఏదో గల్ఫ్ కార్మికుల సంఘం గుర్తు. దాని కింద, వర్ష ఆఫీసు మెట్లెక్కుతున్న రాజమణి ఫోటో. ఈ పొద్దున తీసిందే.

'రాజమణి ఆ వెబ్ పిల్లతో దొంగ పేజీ చేయించి చూపిస్తుంది, నమ్మవద్దు. రంజిత్ మా దగ్గర క్షేమంగా ఉన్నాడు. భార్య వస్తేనే అప్పగిస్తాము. ఈ రోజే జ్యోతిని ముత్యంపేట దారికి తీసుకురండి. మా జీపు కనిపిస్తుంది. ఇద్దరి ఫోన్లూ రాజమణి వింటోంది. ఏ కాల్ ఎత్తవద్దు. ఈ పేజీ ఒక్కటే చూస్తూ ఉండండి.'

"అయ్యో" అంది రాజమణి పైకే. ఆమె నోట అలాంటి మాట రావడం తక్కువ.

జ్యోతికి ఒక కథ, రంజిత్‌కు ఒక కథ, వెతకడానికి వచ్చినవాడికి ఇంకో కథ. పేజీ ఒక్కటే. ఒకరి పేజీ ఒకరు చూడలేదు గనుక ముగ్గురూ నమ్మారు.

హన్మండ్లుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మెసేజ్ పెట్టింది. చూడలేదు. వంద నంబరుకు చేసి హన్మండ్లు కారు గుర్తులు, దారి చెప్పింది. బయలుదేరుతామన్నారు. కానీ వాళ్లు వెళ్లేలోపు ఆ జీపు జ్యోతిని ఎక్కించుకుంటే?

"ఏ కాల్ ఎత్తడు" అన్నాడు రంజిత్, ఆమె భుజం మీదుగా చదివి. "పేజీ ఒక్కటే సూస్తడట. నాకెరుక. నేను గూడ గట్లనే సూశిన."

ఆ మాట రాజమణిని ఆలోచనలో పడేసింది. పేజీ ఒక్కటే చూస్తాడు. అయితే పేజీలోనే చెప్పాలి.

ఆమె వర్షకు ఫోన్ చేసింది. "బిడ్డా, కోప్పడను, నిజం చెప్పు. గా వెబ్‌సైట్ తాళం నీ దగ్గర ఇంకా ఉన్నదా?"

"ఉన్నది మేడం. పాస్‌వర్డ్ మార్చలే వాళ్లు. పొద్దుగాల మీకు అబద్ధం ఆడిన. నా మీదికి అస్తదని భయమైంది."

"ఇప్పుడు గూడ రావచ్చు. అయినా చేస్తవా?"

ఈసారి వర్ష ఆలస్యం చెయ్యలేదు. "ఏం పెట్టాలె చెప్పుర్రి."

రంజిత్ గుమ్మం బయట ఎండలో నిలబడ్డాడు. రాజమణి వీడియో తీసింది. "హన్మండ్లు సార్, నేను రంజిత్‌ను. సిరిసిల్లల ఉన్న, రాజమణి మేడం పక్కన. నీకు సూపిచ్చింది అబద్ధం, నాకు సూపిచ్చింది అబద్ధం. జ్యోతిని ఎవ్వలకు ఇయ్యకు. బండి మలుపు సార్. దండం పెడుత." అని నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

వీడియో వర్షకు చేరింది. రాజమణి తన ఫోన్‌లో హన్మండ్లు పేరున్న పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూసింది. సంఘం గుర్తు. సంఘం గుర్తు. మళ్లీ సంఘం గుర్తు. తర్వాత, ఎండలో దండం పెడుతున్న రంజిత్.

ఇక చేసేదేమీ లేదు. అంతదూరంలో, ఏదో రోడ్డు మీద, మొండి మనిషి ఒకడు తన ఫోన్ వైపు చూడాలి. ఇద్దరూ షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పక్కన సాంచలు ఆడుతూనే ఉన్నాయి.

ఫోన్ మోగింది.

"మేడం." హన్మండ్లు గొంతు ఎండిపోయి ఉంది. "ముందల జీపు ఆగి ఉన్నది. నలుగురున్నరు."

"జ్యోతి?"

"నా బండ్లనే ఉన్నది. రివర్స్‌ల అస్తున్న. గా పిల్లగాడు నిజంగ నీ పక్కన ఉన్నడా? ఒక్క మాట మాట్లాడియ్యి. కండ్లతోని చూసింది నమ్మెటట్టు లేదు ఇయ్యాల."

రాజమణి ఫోన్ రంజిత్‌కు ఇచ్చింది. అతను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలినుంచి జ్యోతి గొంతు స్పష్టంగా వినబడింది. "ఏందయ్యా, తిన్నవా?" అంది. రంజిత్ ముఖం అటు తిప్పుకుని గోడ వైపు చూస్తూ, "ఆ. తిన్న" అన్నాడు.

*

జ్యోతిని నేరుగా జగిత్యాలలో వకీలు ఇంటికి చేర్చమని రాజమణి హన్మండ్లుకు చెప్పింది. అతను సరేనన్నాడు. ఆమె రంజిత్‌ను కారెక్కించుకుని బయలుదేరింది. వేములవాడ దాటి కొంతదూరం వచ్చాక వర్ష నంబరునుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, నేను ఒక తప్పు పని చేసిన" అంది వర్ష. "ఇంకెవలెవల పేర్లున్నయో అని లోపల ఎతికిన. నా పేరున్నది. తెరిచి చూశిన."

"ఏం రాసిండు?"

"'పాస్‌వర్డ్ మార్చకుండ ఉంచింది నీ కోసమే. నువ్వు ముట్టుకున్న నిమిషం మాకు తెలుస్తుంది. అక్కడే ఉండు' అని రాసి..." ఆమె ఆగింది. "కింద బండి ఆగింది మేడం."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఆ తర్వాత వినిపించిన గొంతులో తొందర లేదు.

"రాజమణి మేడం, నేను చంద్రమౌళిని. సాధు పిల్లను పట్టుకుని గింత పరేషాన్ చేసుడెందుకు?"

రాజమణి కారు రోడ్డు పక్కకు తీసి ఆపింది. రంజిత్ ఫోన్‌కు తన నెట్ ఇచ్చి, తెర మీద హన్మండ్లు నంబరు చూపించి, వర్ష ఆఫీసుకు పొమ్మని మెసేజ్ పెట్టమని సైగ చేసింది. అతని వేళ్లు అప్పటికే కదులుతున్నాయి. వెంటనే జవాబు వచ్చింది. రంజిత్ తెరను ఆమె వైపు తిప్పాడు. 'చల్‌గల్ దాటిన. పోతున్న.'

చల్‌గల్ అంటే జగిత్యాల పక్కనే. కాసేపు మాట్లాడించాలి.

"పిల్లను వదిలిపెట్టు చంద్రమౌళీ. నీ లెక్క నాతోని."

"గందుకే మీకు గూడ ఒకటి చేసిపెట్టిన. మీ పేరు కొట్టి చూడుర్రి. మీ బిడ్డ ఫోటో మంచిగ అచ్చింది. కరీంనగర్ హాస్టల్ ముందల నిలవడ్డది."

రాజమణి వేలు తనకు తెలియకుండానే అక్షరాల మీదికి వెళ్లింది. అడ్రసు అక్కడే ఉంది. పేరు కొట్టడమే తరువాయి. పక్కనుంచి రంజిత్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. చీకటి గదిలో ఒంటరిగా ఆ పేజీని చూసినవాడు అతను.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. కాల్ రికార్డు చేసే గుర్తును నొక్కింది.

"నేను చూడ" అంది. "నువ్వే చదివి వినిపియ్యి. నా బిడ్డ గురించి ఏం రాసినవో నీ నోటితోని చెప్పు. లేకపోతె భయపడ్డవనుకుంట."

చంద్రమౌళి నవ్వాడు. "నాకేం భయం? ఇనుర్రి. రేపు జ్యోతి కోర్టుల నా పేరు ఎత్తితె, మీ బిడ్డ ఎల్లుండి కాలేజీకి పోదు. రంజిత్‌ను దాసినట్టు దాస్త. ఈసారి తాళం బయట..."

మాట సగంలో తెగింది. తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు. వర్ష కేక. ఆ వెనకే హన్మండ్లు గొంతు, మెట్లెక్కిన ఆయాసంతో.

"ఆగినవెందుకు సార్? చదువు. నేను, జ్యోతి గూడ ఇంటున్నం."

బెదిరింపు మొత్తం రికార్డయింది. రాజమణి ఫోన్ పెట్టేసి కూతురి నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆమె కారును కరీంనగర్ వైపు మలిపింది.